ఆడవాళ్లు వాదించుకున్న పత్రిక

1911 నాటి జపాన్‌లో ఒక స్త్రీ రాజకీయ సభకు వెళ్లి వెనక వరసలో కూర్చున్నా అది నేరం. 1900లో తెచ్చిన శాంతిభద్రతల పోలీసు చట్టం అయిదో నిబంధన ఆ సంగతి తేటగా చెప్పింది. స్త్రీలు రాజకీయ సంఘాల్లో చేరకూడదు, రాజకీయ సభలకు పోకూడదు. పౌర చట్టం చూస్తే కుటుంబానికి యజమాని మగవాడు. పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా పెద్ద ఆస్తి వ్యవహారం ఏదీ నడపలేదు. భార్య పరాయి మగవాడితో ఉంటే జైలు. భర్త పరాయి స్త్రీతో ఉంటే, ఆమె ఇంకొకరి భార్య అయితే తప్ప, చట్టానికి పట్టదు. బడిలో ఆడపిల్లకు చెప్పే చదువంతా ఆమెను మంచి భార్యగా, తెలివైన తల్లిగా తయారు చేయడానికే.

ఆ ఏడాది జనవరిలోనే కన్నో సుగా అనే పాత్రికేయురాలిని ఉరితీశారు. చక్రవర్తిని చంపడానికి కుట్ర పన్నారన్న అభియోగం మీద ఆమెతో కలిపి 12 మందికి మరణశిక్ష అమలైంది. మాట్లాడాలంటేనే జనం భయపడిన రోజులవి. అలాంటి ఏడాదిలో, సెప్టెంబరు నెలలో, టోక్యోలో అయిదుగురు యువతులు ఒక పత్రిక తెచ్చారు. దాని పేరు ‘సేతో’. 18వ శతాబ్దపు లండన్‌లో సాహిత్య గోష్ఠులు జరుపుకున్న చదువరి స్త్రీలను నీలి మేజోళ్లవాళ్లని జనం ఎగతాళి చేసేవారు. ఆ పేరునే జపనీయులు తమ భాషలోకి మార్చుకున్నారు. ఎలాగూ వెక్కిరిస్తారు కాబట్టి ఆ పేరేదో మీరే ముందు పెట్టుకోండని సలహా ఇచ్చింది ఇకుతా చోకో అనే విమర్శకుడు. పత్రిక పెట్టమని మొదట ప్రోత్సహించిందీ ఆయనే.

ప్రోత్సాహం అందుకున్న యువతి పేరు హిరత్సుక హారు. 1886లో టోక్యోలో పుట్టింది. తండ్రి ప్రభుత్వ ఆడిట్ శాఖలో ఉన్నతోద్యోగి. ఆడపిల్లకు పెద్ద చదువులెందుకన్న ఇంట్లోంచే పట్టుబట్టి, 1903లో జపాన్ మహిళా విశ్వవిద్యాలయంలో చేరింది. చేరింది గృహవిజ్ఞానం చదవడానికే అయినా ఆమె మనసు తత్వశాస్త్రం మీదికి, మతం మీదికి పోయింది. జెన్ గురువుల దగ్గరికి వెళ్లి ధ్యానం సాధన చేసింది. చదువయ్యాక ఇంగ్లీషు నేర్చుకుంటూ, చోకో నడిపే సాహిత్య తరగతులకు పోతూ, మొరితా సోహే అనే రచయితకు దగ్గరైంది.

1908 మార్చిలో ఇద్దరూ కలిసి చావాలని మంచు కప్పిన షియొబరా కొండల్లోకి వెళ్లారు. చావలేదు, పోలీసులకు దొరికారు. పత్రికలు ఆ కథను నెలల తరబడి సాగదీశాయి. విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థినుల సంఘం జాబితాలోంచి ఆమె పేరు కొట్టేసింది. సోహేకి మాత్రం అది కథావస్తువైంది. 1909లో ఆ సంఘటన మీద ఆయన రాసిన నవల పేరున్న దినపత్రికలో సీరియల్‌గా వచ్చి ఆయనను రచయితగా నిలబెట్టింది. ఒకే కొండ, ఒకే మంచు. దిగివచ్చాక ఒకరికి కీర్తి, ఇంకొకరికి అపకీర్తి. హారు జీవితం గురించి అందరూ రాశారు, ఆమె తప్ప. ‘సేతో’ పుట్టుకకు కారణాలు వెతికేవాళ్లు చట్టాలనూ చదువులనూ చెబుతారు. ఈ అవమానాన్ని కూడా వాటి పక్కన పెట్టి చూడాలి.

డబ్బు ఎక్కడిది? తల్లి ఇచ్చింది. కూతురి పెళ్లికని దాచిన సొమ్ములోంచి, భర్తకు తెలియనివ్వకుండా తీసి ఇచ్చింది. చరిత్ర పుస్తకాల్లో ఆ తల్లికి ఒక వాక్యం కంటే ఎక్కువ చోటు దొరకదు. ఆమె ధైర్యం మాత్రం చిన్నది కాదు.

ఇంట్లో అతిథిగా ఉంటున్న అక్క స్నేహితురాలు యసుమొచి యొషికో ఉత్సాహంగా ముందుకొచ్చింది. నకానో హత్సుకో, కియుచి తెయికో, మొజుమే కజుకో తోడయ్యారు. కజుకో తండ్రి పేరున్న పండితుడు. వాళ్ల ఇంట్లోనే ఒక గది పత్రిక ఆఫీసయింది. జూన్ 1న తొలి సమావేశం అక్కడే జరిగింది. సంఘానికి నియమావళి రాసుకున్నారు. స్త్రీలను మేల్కొల్పడం తమ లక్ష్యమని మొదటి ముసాయిదాలో ఉంది. చోకో చూసి, అంత సూటిగా వద్దు, సాహిత్యం అని రాయండి అన్నాడు. దాంతో మొదటి నియమం మారింది. స్త్రీల సాహిత్యాన్ని పెంపొందించడం, ప్రతిభ గల స్త్రీలను వెలికితేవడం లక్ష్యాలయ్యాయి. రెండేళ్ల తర్వాత ఈ నియమం మళ్లీ మారుతుంది. ఆ మార్పు ఎలా వచ్చిందన్నదే ఈ పత్రిక కథలో అసలు సంగతి.

తొలి సంచికకు రచనలు అడగడానికి హారు వెళ్లిన గడపల్లో యొసానో అకికోది ఒకటి. అప్పటికే అకికో దేశమంతా తెలిసిన కవయిత్రి. 1901లో వచ్చిన ఆమె ప్రేమకవితల సంపుటి పెద్ద దుమారం లేపింది. 1904లో రష్యాతో యుద్ధం జరుగుతుండగా, యుద్ధానికి వెళ్లిన తమ్ముణ్ణి తలుచుకుంటూ రాసిన కవితకు దేశద్రోహి అని తిట్లు తింది. ఇంటినిండా పిల్లలు, చేతినిండా రాతపని. ఆమె మాటతీరు విని, ఆడవాళ్లు ఎంత చేసినా మగవాళ్లకు సాటి రారని అంటోందేమోనని హారు నిరుత్సాహంతో వెనక్కి వచ్చింది. తీరా చూస్తే అందరికంటే ముందు చేతికందిన రచన అకికోదే. అది వరస కవిత. నిద్రపోతున్నట్టున్న కొండలకూ లేచి కదులుతున్న స్త్రీలకూ అందులో ముడి పడుతుంది. ఇకనుంచి స్త్రీ ‘నేను’ అంటూ రాయాలన్న కోరిక కూడా అందులో ఉంది. పత్రిక మొదటి పుటలు దానికే ఇచ్చారు.

ప్రారంభ ప్రకటన రాసే పని హారు మీద పడింది. ఆగస్టు చివర ఒక ఉక్కపోత రాత్రి, కిటికీ తలుపులు తెరిచి పెట్టుకుని, కాసేపు ధ్యానంలో కూర్చుని, తర్వాత కలం పట్టుకుంటే తెల్లవారేదాకా దించలేదు. ఆదిలో స్త్రీ స్వయంగా వెలిగేదని, ఇప్పుడు పరాయి వెలుతురు మీద ఆధారపడి బతుకుతోందని ఆ వ్యాసం సారం. వోటు హక్కు, ఉద్యోగం, చట్టం వంటి మాటలకు అందులో పెద్ద పీట లేదు. అదంతా జెన్ సాధకురాలి భాష. లోపల దాగిన శక్తిని తట్టిలేపమని పిలుపు. ఆ వ్యాసం కింద ఆమె మొదటిసారి ‘రైచో’ అని సంతకం చేసింది. జపాన్ ఎత్తయిన కొండల మీద మంచులో తిరిగే పిట్ట పేరది. అక్కణ్నుంచి చరిత్రకు ఆమె హిరత్సుక రైచో.

ముఖచిత్రం మీద నిలువునా ఒక స్త్రీ, పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది. గీసింది నగానుమ చియే. విశ్వవిద్యాలయంలో రైచోతో టెన్నిస్ ఆడిన స్నేహితురాలు. తర్వాతి కాలంలో కవి తకమురా కోతారోని పెళ్లాడి, ఆయన కవితల ద్వారా జపాన్ అంతటికీ తెలిసిన చియెకో ఈమే. లోపలి పుటల్లో తమురా తొషికో కథ ఒకటి ఉంది. ఒక సత్రంలో మగవాడితో తొలి రాత్రి గడిపిన యువతి, మర్నాడు పొద్దున ఏం చేయాలో తోచక, గాజు పాత్రలోని బంగారు చేపను పట్టి సూదితో గుచ్చుతుంది. వేళ్లకు అంటిన చేప వాసన, నెత్తురు, అసహ్యం, ఆకర్షణ అన్నీ కలగలిసిన కథ. ఇది పాపమని గానీ పుణ్యమని గానీ రచయిత్రి ఎక్కడా చెప్పదు. ఆ రోజు ఆ శరీరానికి ఎలా అనిపించిందో అంతే చెబుతుంది. జపాన్ సాహిత్యంలో ఇలాంటి ఉదయాన్ని మగవాళ్లు చాలాసార్లు రాశారు. ఆడమనిషి వైపునుంచి అది కొత్త.

మొదటి సంచిక 1,000 ప్రతులు. నెలలోపే అయిపోయాయి. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొందరు చందా కడతామన్నారు, కొందరు తిట్టారు, ఇంకొందరు పల్లెల్లోంచి తమ గోడు రాసి ఏం చేయమంటారని అడిగారు. సాహిత్య పత్రిక అనుకుని పెట్టినవాళ్లకు ఆ ఉత్తరాలు వేరే దారి చూపించాయి.

ఇదే కాలంలో మన దగ్గర ‘హిందూ సుందరి’ నడుస్తోంది. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య మొదలుపెట్టగా, మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ సంపాదకులయ్యారు. భండారు అచ్చమాంబ అందులో రాశారు. అక్కడా ఇక్కడా ఒక మగవాడి చొరవ ఉంది, అక్షరం చేతికందిన మొదటి తరం ఆడవాళ్ల ఆత్రం ఉంది. మన పత్రిక చదువు చుట్టూ, ఇంటి సంస్కరణ చుట్టూ నిలబడింది. టోక్యో పత్రిక అయిదేళ్లలో ఆ గడప దాటి ఎక్కడికో వెళ్లిపోయింది.

అలా వెళ్లిపోవడంలో పోలీసుల చేయి, పత్రికా విలేకరుల చేయి కూడా ఉన్నాయి.

1911 చివర్లో ఇబ్సెన్ నాటకం ‘బొమ్మరిల్లు’ టోక్యో ఇంపీరియల్ థియేటర్‌లో ఆడింది. భర్తనూ పిల్లలనూ వదిలి తలుపు తీసుకుని వెళ్లిపోయే నోరా పాత్రలో మత్సుయి సుమాకో నటించింది. జపాన్‌లో శతాబ్దాలుగా ఆడ వేషాలు మగవాళ్లు కడుతున్న రోజుల్లో, ఒక స్త్రీ రంగస్థలం మీదికొచ్చి ఆ తలుపు తీయడం ఊరంతా మాట్లాడుకున్న విషయం. 1912 జనవరి సంచికలో ‘సేతో’ సభ్యులు నోరా మీద ప్రత్యేక అనుబంధం వేశారు. అందరూ నోరాను నెత్తిన పెట్టుకుంటారని ఎవరైనా అనుకుంటారు. రైచో అలా రాయలేదు. ఇల్లు వదలడం తేలిక, వదిలాక నీకు నువ్వెవరో తెలుసా అని నోరానే నిలదీసింది. ఈ పత్రిక తీరు ఏమిటో ఆ సంచికలోనే బయటపడింది. నచ్చిన మనిషిని కూడా ప్రశ్నించకుండా వదలరు.

ఏప్రిల్ 1912 సంచికలో అరాకి ఇకుకో కథ ‘ఉత్తరం’ వచ్చింది. ఇకుకో టోక్యోలో ఒక సత్రం నడిపే స్త్రీ. ఆ కథలో పెళ్లయిన స్త్రీ తన ప్రియుడికి, తమ రహస్యపు కలయికలను తలుచుకుంటూ ఉత్తరం రాస్తుంది. భార్య వ్యభిచారం నేరమైన దేశంలో ఆ భార్య సంతోషంగా ఉండటం మరీ పెద్ద నేరం. ప్రభుత్వం సంచికను నిషేధించింది. రాత్రివేళ డిటెక్టివులు ప్రతుల కోసం మొజుమే పండితుడి ఇంటికి వచ్చారు. పరువుగల ఇంటి గుమ్మంలో పోలీసులు నిలబడటం ఆయన తట్టుకోలేకపోయాడు. ఆఫీసు ఖాళీ చేయాల్సి వచ్చింది, కూతురు పత్రిక నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ‘సేతో’ ఒక బౌద్ధాలయంలోని గదిలోకి మారింది.

తర్వాత పత్రికల వాళ్ల వంతు. ఓతాకె కోకిచి అనే పందొమ్మిదేళ్ల చిత్రకారిణి, ఒక బార్‌లో రంగురంగుల పొరలుగా పోసే మద్యం గురించి ‘సేతో’లో ముచ్చటగా రాసింది. ఆడవాళ్లు అయిదు రంగుల సారా తాగుతున్నారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ గొడవ చల్లారకముందే, చిత్రకారుడైన ఆమె బాబాయి ఏర్పాటు చేయగా రైచో, కోకిచి, హత్సుకో ముగ్గురూ యోషివారా వెళ్లారు. అది ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన వేశ్యావాటిక. ఒక పెద్ద ఇంట్లో ఒక వేశ్యతో మాట్లాడుతూ రాత్రి గడిపి వచ్చారు. సంగతి పొక్కింది. రైచో ఇంటి మీద రాళ్లు పడ్డాయి. సభ్యులు కొందరు భయపడి తప్పుకున్నారు, కోకిచి కూడా వెళ్లిపోయింది.

రాళ్లు వేసినవాళ్ల వైపు ఏ న్యాయమూ లేదు. వాళ్లలో ఎందరు మగవాళ్లు యోషివారాకి దారి తెలియనివాళ్లు? అయినా ఆ రాత్రి మీద మరో ప్రశ్న మిగిలే ఉంది. వెళ్లిన ముగ్గురూ అతిథుల్లా వెళ్లారు, చూసి వచ్చారు. ఆ ఇంట్లో అప్పు తీరేదాకా బందీగా ఉన్న స్త్రీ గురించి ‘సేతో’ గట్టిగా మాట్లాడటానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

ఉద్యోగాలు చేసే సభ్యులకు దెబ్బ ఇంకా నేరుగా తగిలింది. త్సుదా ఉమెకో నడిపే ఆంగ్ల కళాశాలలో చదివే కమిచికా ఇచికో మారుపేరుతో ‘సేతో’లో చేరింది. అది బయటపడ్డాక ఆమెను ఉత్తరాన మారుమూల హిరొసాకికి టీచరుగా పంపారు. అక్కడా విషయం తెలిసి ఉద్యోగం పోయింది.

‘కొత్త స్త్రీ’ అన్న మాట అప్పటికి పత్రికల్లో తిట్టుగా స్థిరపడింది. 1913 జనవరిలో పెద్ద మాసపత్రిక ‘చూవో కోరొన్’లో రైచో వ్యాసం రాసి, అవును, నేను కొత్త స్త్రీనే అని ఒప్పుకుంది. ‘సేతో’ అదే నెలలో స్త్రీల సమస్య మీద ప్రత్యేక అనుబంధం తెచ్చింది. ఫిబ్రవరి సంచికలో సోషలిస్టు ఫుకుదా హిదెకో వ్యాసం వేశారు. పెళ్లి, ఆస్తి, ఉత్పత్తి అన్నీ మారకపోతే స్త్రీకి విముక్తి లేదన్న వాదన ఆమెది. కన్నో సుగాను ఉరితీసి రెండేళ్లే గడిచిన ఆ సమయంలో సోషలిస్టు పేరు అచ్చువేయడమే సాహసం. సంచిక నిషేధమైంది. రైచో ఇంట్లో తండ్రి కోపం సంగతి చెప్పనక్కర్లేదు.

అదే నెల 15న కాందా ప్రాంతంలోని క్రైస్తవ యువజన సంఘం హాలులో బహిరంగ సభ పెట్టారు. హాలు కిక్కిరిసింది, వచ్చినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. వేదిక మీద మాట్లాడినవాళ్లలో 18 ఏళ్ల పిల్ల ఒకతె ఉంది. పేరు ఇతో నొయె. మే నెలలో రైచో వ్యాస సంపుటిని కూడా నిషేధించారు. ఇన్ని దెబ్బలు తిన్నాక, ఆ అక్టోబరులో సంఘం నియమావళిని తిరగరాసుకుంది. సాహిత్యాన్ని పెంపొందించడం అన్న మాట తీసేసి, మొదటి ముసాయిదాలో ఉన్నదాన్ని మళ్లీ పెట్టింది. స్త్రీలను మేల్కొల్పడం. చోకో ఇచ్చిన సలహాను పక్కన పెట్టడానికి వాళ్లకు పట్టింది రెండేళ్లు.

1914 జనవరిలో రైచో పుట్టిల్లు వదిలి, తనకంటే చిన్నవాడైన చిత్రకారుడు ఒకుమురా హిరోషితో కాపురం పెట్టింది. పెళ్లి రిజిస్టరు చేయించుకోలేదు. స్త్రీని మైనరును చేసే ఆ చట్టం కింద సంతకం పెట్టనంది. తల్లిదండ్రులకు రాసిన ఉత్తరాన్ని ఫిబ్రవరి ‘సేతో’లో అచ్చువేసింది. తల్లిదండ్రుల మీద గౌరవం, తన నిర్ణయం మీద పట్టుదల రెండూ ఆ ఉత్తరంలో ఉన్నాయి. తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలనూ తన ఇంటిపేరు మీదే నమోదు చేయించింది. ఆ పట్టు 27 ఏళ్లు నిలిచింది. 1941లో, సైన్యంలోకి వెళ్లబోయే కొడుక్కి అక్రమ సంతానమన్న ముద్ర అడ్డు రాకూడదని, పెళ్లి నమోదు చేయించింది.

కాపురం పెట్టాక ఇంటి పని, డబ్బుల ఇబ్బంది, పత్రిక అప్పులు ఒక్కసారే మీద పడ్డాయి. మంచి రోజుల్లో 3,000 ప్రతుల దాకా అమ్ముడైన పత్రిక తగ్గుముఖం పట్టింది. 1915 జనవరి నుంచి పగ్గాలు నొయె చేతికొచ్చాయి.

నొయెది ఫుకువొకా దగ్గర సముద్రతీరంలోని పల్లె. పేద కుటుంబం. మామయ్యకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, టోక్యోలో హైస్కూలు చదువు సంపాదించుకుంది. చదువు ముగుస్తుండగానే పెద్దలు పెళ్లి కుదిర్చారు. అత్తవారింట్లో తొమ్మిది రోజులుండి పారిపోయి, తనకు ఇంగ్లీషు చెప్పిన టీచరు త్సుజి జున్ ఇంట్లో తేలింది. ఆ పాపానికి ఆయన ఉద్యోగం పోయింది. పదిహేడేళ్ల వయసులో రైచోకు తన కథంతా పొడుగాటి ఉత్తరంగా రాసి, ఆ దారిలో ‘సేతో’లోకి వచ్చింది. సంపాదకురాలయ్యేనాటికి ఇరవై నిండుతున్నాయి. చంకలో ఒక బిడ్డ. నియమావళి రద్దు చేసింది, సభ్యత్వం రద్దు చేసింది, ఏ స్త్రీ రాసినా వేస్తానంది. ఎవరు ఏం రాసినా అన్నది ఆమె ఉత్త మాటగా అనలేదు. పత్రిక చివరి 14 నెలలూ అందుకు సాక్ష్యం.

పత్రికలో సాగిన మూడు పెద్ద వాదాల్లో మొదటిది అన్నం గురించి. 1914లో ఇకుతా హనయొ అనే రచయిత్రి వేరే పత్రికలో ఒక వ్యాసం రాసింది. తండ్రి పోయాక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని టోక్యో వచ్చి, పనికి కుదిరిన చోట యజమానికి లొంగిపోవాల్సి వచ్చిందని, తనకూ తమ్ముడికీ తిండి పెట్టడానికి శీలాన్ని వదులుకున్నానని, స్వంత పేరుతో రాసుకుంది. ఆస్తి హక్కు లేని, ఉద్యోగం దొరకని స్త్రీకి ఇంకేం మిగిలిందని అడిగింది. డిసెంబరు ‘సేతో’లో యసుదా సత్సుకి మండిపడింది. శీలమంటే స్త్రీలో ఒక ముక్క కాదు, మొత్తం మనిషి. తిండి కోసం దాన్ని ఇవ్వనని తెగేసి చెప్పింది. హనయొ బదులు చెప్పింది. నొయె దిగి, ఈ లెక్కలన్నీ ఆడదానికేనా, మగవాడికి లేవేం అని అడిగింది. రైచో, అది ఎవరికి ఎప్పుడన్నది ఆ స్త్రీ స్వంత నిర్ణయం కావాలంది. ఒకామె ఆకలి గురించి మాట్లాడుతోంది, ఇంకొకామె ఆత్మగౌరవం గురించి, మూడో ఆమె చట్టం చేసే పక్షపాతం గురించి. ఎవరి మాటా తీసిపారేయదగ్గది కాదు. హనయొ ధైర్యానికి మాత్రం సాటి లేదు. ఈనాటికీ పని చేసే చోట లైంగిక దోపిడీ గురించి పేరు పెట్టి చెప్పాలంటే ఎంత కష్టమో తెలిసినవాళ్లకు, 1914లో ఆ సంతకం విలువ తెలుస్తుంది.

రెండోది గర్భం గురించి. శీలం విషయంలో అంత కఠినంగా మాట్లాడిన సత్సుకియే, పెళ్లయి హరాదా సత్సుకిగా మారాక, 1915 జూన్ సంచికలో అందరికంటే సాహసమైన కథ రాసింది. గర్భస్రావం చేయించుకున్నందుకు జైల్లో ఉన్న స్త్రీ తన ప్రియుడికి రాసే ఉత్తరం అది. న్యాయమూర్తి అడిగిన ప్రశ్నలకు ఆమె ఇచ్చిన జవాబుల్లోనే వాదమంతా ఉంది. కడుపులో ఉన్నంతవరకు పిండం తల్లి శరీరంలో భాగమే, సాకలేని బిడ్డను కనడమే బాధ్యత లేని పని అంటుంది. సంచిక నిషేధమైంది. విచిత్రం ఏమంటే, ఆ కథను అచ్చువేసిన సంపాదకురాలికే ఆ వాదం సమ్మతం కాదు. రెండో బిడ్డను మోస్తున్న నొయె, కడుపులోని ప్రాణం దానిదేనని, దాన్ని తీసే హక్కు తనకు లేదని అదే సంచికలో రాసింది. సెప్టెంబరులో రైచో కలం పట్టింది. తాను గర్భవతినని, రాయడానికి కావలసిన ఏకాంతం పోతుందన్న భయంతో బిడ్డను వద్దనుకునే ఆలోచన తనకూ వచ్చిందని దాచకుండా చెప్పింది. ముగ్గురు స్త్రీలు, మూడు అభిప్రాయాలు, వాటిలో రెండు గర్భిణులవి. చట్టసభల్లో, న్యాయస్థానాల్లో, మత పీఠాల మీద ఈ విషయం మాట్లాడినవాళ్లంతా మగవాళ్లేనన్నది గుర్తుంచుకుని ఆ పుటలు చదవాలి. నిషేధం భయంతో సంపాదకురాలు ఆ కథను పక్కన పెట్టి ఉంటే ఆమెను తప్పుపట్టేవాళ్లు ఎవరూ ఉండేవారు కారు.

చివరిది యోషివారా ప్రశ్నే. 1915 డిసెంబరులో నొయె, లైసెన్సు వేశ్యావృత్తిని రద్దు చేయాలంటున్న క్రైస్తవ మహిళా సంఘం మీద విరుచుకుపడింది. ఆ పెద్దింటి ఆడవాళ్లు వేశ్యలను నీచంగా చూస్తున్నారని, బతకడానికి వేరే దారి లేని వాళ్లను అవమానిస్తున్నారని ఆమె కోపం. కోపంలో ఒక మాట తూలింది. మగవాడి సహజమైన అవసరం వల్ల ఆ వ్యవస్థ ఇంతకాలం నిలిచిందన్నట్టు రాసింది. జనవరి సంచికలో అవోయామా కికుయె అనే పాతికేళ్ల పాఠకురాలు దాన్ని ముక్కముక్కలు చేసింది. లైసెన్సు ఇచ్చింది ప్రకృతి కాదు ప్రభుత్వమని, ముందు అప్పిచ్చి ఒప్పందం రాయించుకుని మనిషిని కట్టేసే పద్ధతి బానిసత్వమని, మనుషులు కట్టిన వ్యవస్థను మనుషులు కూల్చవచ్చని లెక్కలతో సహా చూపించింది. నొయె ఆ వ్యాసాన్ని పూర్తిగా వేసి, పక్కనే తన జవాబు పెట్టుకుంది. చదువుతుంటే కికుయెదే పైచేయి అని తెలిసిపోతుంది. తనను ఓడించే వ్యాసానికి తన పత్రికలో చోటిచ్చిన సంపాదకులు ఏ దేశంలోనైనా తక్కువ. ఈ ఒక్క కారణానికే ఇతో నొయెను పెద్ద సంపాదకుల వరసలో కూర్చోబెట్టవచ్చు.

1916 ఫిబ్రవరి సంచిక ఆఖరిది. అప్పటికి మొత్తం 52. ముగిస్తున్నామన్న ప్రకటన కూడా లేకుండా ఆగిపోయింది. ఆ వసంతంలో నొయె జున్ ఇల్లు వదిలి అరాచకవాది ఓసుగి సకయేతో కలిసింది. 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహా భూకంపం తర్వాతి అల్లకల్లోలంలో, సెప్టెంబరు 16న మిలిటరీ పోలీసులు ఓసుగిని, నొయెను, వాళ్లతో ఉన్న ఆరేళ్ల మేనల్లుణ్ణి పట్టుకుపోయి చంపి, శవాలను పాతబావిలో పడేశారు. నొయెకు 28 ఏళ్లు.

వాదన మాత్రం పత్రికతో ఆగలేదు. 1918లో తల్లికి ప్రభుత్వం అండ ఉండాలని రైచో, స్త్రీ తన సంపాదన మీద తానే నిలబడాలని అకికో, ఈ ఆర్థిక వ్యవస్థ మారకుండా రెండూ చాలవని కికుయె వేర్వేరు పత్రికల్లో పోట్లాడుకున్నారు. 1919లో రైచో, ఇచికావా ఫుసయేతో కలిసి కొత్త మహిళా సంఘం పెట్టి, పోలీసు చట్టం అయిదో నిబంధన మీద దండెత్తింది. 1922లో అది సగం సడలింది. స్త్రీలు రాజకీయ సభలకు వెళ్లవచ్చు, పార్టీల్లో మాత్రం చేరకూడదు. మిగతా సగానికి 1945 దాకా ఆగాల్సి వచ్చింది. 1946 ఏప్రిల్ 10న జపాన్ స్త్రీలు మొదటిసారి వోటు వేసినప్పుడు 39 మంది స్త్రీలు పార్లమెంటుకు గెలిచారు.

హిరొసాకి బడిలో ఉద్యోగం పోగొట్టుకున్న కమిచికా ఇచికో 1953లో ఎంపీ అయి, 1956లో వచ్చిన వేశ్యావృత్తి నిరోధక చట్టం కోసం సభలో పోరాడింది. నొయెతో తలపడిన పాఠకురాలు అప్పటికి యమకవా కికుయెగా ప్రసిద్ధురాలు. 1947లో జపాన్‌లో కార్మిక మంత్రిత్వ శాఖ కొత్తగా ఏర్పడినప్పుడు, అందులో స్త్రీల, బాలకార్మికుల విభాగానికి తొలి అధిపతిగా ప్రభుత్వం ఆమెను నియమించింది.